రేడియేటర్ విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గోడకి రంగు వెయ్యాలి, గదిని వెచ్చగా ఉంచే ఆ వేడినీళ్ల రేడియేటర్ నేనే విప్పుతానన్నావు. విప్పు, నీకు చేతకాని పనేం కాదు. ఒక్కదాని కోసం ఇంట్లో పైపులన్నీ ఖాళీ చెయ్యక్కర్లేదు, దాని రెండు వాల్వులూ సరిగ్గా మూస్తే చాలు. వాల్వునే మార్చాల్సి వస్తే అప్పుడు మొత్తం నీళ్లు తియ్యాలి. ముందు హీటింగ్ ఆపి, అది పూర్తిగా చల్లారనివ్వు.

ఒక పక్క అంకెలున్న థర్మోస్టాట్ వాల్వు ఉంటుంది, గది వేడిని బట్టి అదే తెరుచుకుని మూసుకుంటుంది. సున్నాకి తిప్పేశాం కదా అని దాన్ని నమ్మకు. గది బాగా చల్లబడితే నీళ్లు గడ్డకట్టకుండా తనంతట తానే తెరుచుకునేవి చాలా ఉన్నాయి. రేడియేటర్ లేనప్పుడు అలా తెరుచుకుంటే గదంతా నీళ్లే. అందుకని అంకెలున్న తల విప్పేసి, లోపలి పిన్నుని నొక్కిపట్టే మూత బిగించు. రేడియేటర్ తీశాక ఆ వాల్వు మూతికి కూడా బిరడా పెట్టు.

రెండో పక్కది లాక్‌షీల్డ్. ప్లాస్టిక్ టోపీ కింద ఉంటుంది కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు. నాకు మాత్రం అసలు ముఖ్యమైనది అదే. అది ఎంత తెరిచి ఉందో దాన్ని బట్టే ఆ గదికి ఎంత వేడినీరు వెళ్లాలో కుదురుతుంది. టోపీ తీసి స్పానరుతో కుడివైపుకి తిప్పుతూ ఎన్ని చుట్లకి మూసుకుందో లెక్కపెట్టు. పావు చుట్టు కూడా వదలకుండా కాగితం మీద రాసుకో. మళ్లీ తెరిచేటప్పుడు సరిగ్గా అన్నే తిప్పాలి. లేకపోతే ఈ గది మండిపోతుంది, పక్క గది చల్లగా ఉండిపోతుంది.

ఇక వాల్వునీ రేడియేటర్‌నీ కలిపే నట్టు. రెండు స్పానర్లు కావాలి. ఒకదానితో వాల్వుని కదలకుండా పట్టుకుని, రెండోదానితో నట్టు తిప్పు. ఒక్కదానితో లాగితే పైపు మెలితిరుగుతుంది. కింద వెడల్పాటి పళ్లెం, పాత తువ్వాళ్లు పెట్టుకో. వచ్చే నీళ్లు నల్లగా ఉంటాయి, కార్పెట్‌కి అంటితే మరక పోదు. నట్టు కొంచెమే వదులు చెయ్యి. కాస్త చిమ్మి నెమ్మదించాలి. బలం తగ్గకుండా వస్తూనే ఉంటే వాల్వు మూసుకోలేదన్నమాట, వెంటనే బిగించెయ్. నెమ్మదిస్తే పైనున్న గాలి స్క్రూ కొద్దిగా తెరువు. గాలి లోపలికి పోతే గానీ నీళ్లు దిగవు. పళ్లెం నిండబోతుంటే స్క్రూ మూసెయ్, ధార ఆగుతుంది.

గోడ మీంచి ఎత్తేటప్పుడు ఇంకొకరి సాయం తీసుకో, రెండు పలకలది చాలా బరువు. అడుగున ఇంకా నల్లనీళ్లు ఉంటాయి, రెండు మూతులకీ గుడ్డ కుక్కు. ఎలాగూ తీశావు కాబట్టి బయట హోస్‌తో లోపల కడిగెయ్.

తిరిగి పెట్టాక నట్లు బిగించి, వాల్వులు తెరిచి, గాలి తియ్యి. నీళ్లు వేడిచేసే బాయిలర్ మీద ప్రెషర్ తగ్గి ఉంటుంది. పైన నీళ్ల టాంకు లేని సిస్టమ్ అయితే చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్ కొలత) దాకా వచ్చేలా నీళ్లు నింపు. పోయిన నీళ్లతోపాటు తుప్పు పట్టకుండా వేసిన మందు కూడా పలచబడుతుంది, అదీ కలుపు. హీటింగ్ వేసి, రేడియేటర్ బాగా వేడెక్కాక నట్ల చుట్టూ పొడి టిష్యూ తిప్పి చూడు. కంటికి కనపడని చెమ్మ కూడా దానికి అంటుతుంది.

ఇట్లు,
మీ మామయ్య