ప్రాగ్ వంతెన మీద ఉదయం 5:31

"చదువుకునే రోజుల్లో స్నేహితులతో కలిసి వెళ్ళిన ఊళ్ళలో మీకు బాగా గుర్తుండిపోయింది ఏది?" అని అడిగారు. నాకైతే చెక్ దేశ రాజధాని ప్రాగ్. ఆ ఊళ్ళో అందరూ చూసే గడియారాన్ని మేం చూడలేదు, తీసుకెళ్ళిన డబ్బులో సగానికి దగ్గరగా మొదటి పూటే పోగొట్టుకున్నాం. అయినా ప్రాగే.

2018 మే నెల. నేను జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర ఎంఎస్ చదువుతున్నాను. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో వేసిన డబ్బులోంచి అప్పట్లో నెలకు 720 యూరోలు చేతికొచ్చేవి. అద్దె, ఇన్సూరెన్స్, బియ్యం పోగా మిగిలేది ఎంతో ఆ బతుకు బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పెంతెకొస్తు పండగ సోమవారం సెలవు కలిసొచ్చి మూడు రోజులు దొరికాయి. ముందు పారిస్ అనుకున్నాం. హాస్టల్ రేట్లు చూశాక ఎవరూ మళ్ళీ పారిస్ మాట ఎత్తలేదు. ప్రాగ్ చవక, జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే వేరే వీసా అక్కర్లేదు. (పాస్‌పోర్టు మాత్రం వెంట ఉండాలి. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర పోలీసులు బస్సెక్కి అడిగారు.)

నలుగురం వెళ్ళాం. ఒకడిది అమలాపురం వైపు. వాళ్ళ తాతగారు ఊరందరికీ ముహూర్తాలు పెట్టేవారట. వీడు చదివేది కంప్యూటర్ సైన్సే గానీ రాహుకాలంలో అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయడు. అందుకే వాణ్ణి సిద్ధాంతి అనేవాళ్ళం. రెండోవాడిది నల్గొండ జిల్లా. మాకంటే పెద్దవాడు, ఉద్యోగం చేసి వచ్చినవాడు కాబట్టి అందరికీ "అన్న". మూడో మనిషి వైజాగ్ అమ్మాయి. ఖర్చుల లెక్క ఆమెది. ఫోన్లో యాప్‌లు నమ్మదు, అరచేతి పుస్తకంలో పెన్నుతో రాసేది.

టికెట్ తక్కువని రాత్రి బస్సు ఎక్కాం. ఎందుకు తక్కువో దిగాక అర్థమైంది. ఫ్లోరెన్స్ అనే బస్టాండులో మమ్మల్ని తెల్లవారుజామున 4:40కి దించేశాడు. (ఇటలీ ఫ్లోరెన్స్ కాదు, ప్రాగ్‌లో ఆ పేట పేరే అది.) హాస్టల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. చేసేదేం లేక బ్యాగులు వీపున వేసుకుని నడిచాం. అక్కడి వీధులన్నీ చిన్న చిన్న రాళ్ళు పరిచినవి. అన్న లాక్కొస్తున్న చక్రాల సూట్‌కేసు చప్పుడుకి ఊరంతా లేస్తుందేమోనని భయమేసింది. రెండు రోజులకి సూట్‌కేసు ఎందుకు తెచ్చావని ముగ్గురం తిడుతూనే ఉన్నాం.

అలా చార్లెస్ వంతెన మీదకి చేరాం. పగలు అక్కడ ఎంత జనం ఉంటారంటే, బోనాల జాతరలో నడిచినట్టు ఎదుటివాడి వీపు చూస్తూ నడవాలి. మేం వెళ్ళేసరికి పెళ్ళిబట్టల్లో ఫోటోలు తీయించుకుంటున్న ఒక జంట, వాళ్ళ ఫోటోగ్రాఫరు, ఇద్దరు తాగుబోతులు. అంతే. 516 మీటర్ల రాతి వంతెన, కింద 16 కమానులు, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు. ఏళ్ళ మసి పట్టి చాలావరకు నల్లబడిపోయాయి. కింద వ్ల్తావా నది, ఎదురుగా గుట్ట మీద కోట. అప్పుడే ఎండ పొడ కోట మీద పడుతోంది. ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. గోడ పక్కన కూర్చుని, తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర డబ్బా తీశాం. ఒక తాగుబోతు వచ్చి వాసన చూసి, బొటనవేలు పైకెత్తి వెళ్ళిపోయాడు.

తర్వాత గడియారం. పాత టౌన్ హాలు గోడకున్న ఆ ఖగోళ గడియారం 1410 నాటిది. సూర్యుడు, చంద్రుడు ఏ రాశిలో ఉన్నారో చూపిస్తుంది. గంట కొట్టేటప్పుడు పైన కిటికీలు తెరుచుకుని అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు వరసగా వస్తాయి. సిద్ధాంతి అసలు ప్రాగ్‌కి ఒప్పుకున్నదే దీనికోసం. వెళ్ళి చూస్తే గడియారాన్ని మరమ్మతుకి విప్పి తీసుకెళ్ళారు. దాని స్థానంలో పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టి గడియారం వీడియో వేస్తున్నారు! మళ్ళీ అసలుది పెట్టింది ఆ ఏడాది సెప్టెంబరు చివర్లోనట. "దీనికి ఎనిమిది గంటలు బస్సులో రావాలా, యూట్యూబ్‌లో చూసేవాణ్ణిగా" అని సిద్ధాంతి మొహం మాడ్చుకున్నాడు. చుట్టూ ఉన్న జనం మాత్రం ఆ తెరనే ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు.

ఆ చిరాకులోనే తప్పు చేశాం. చెక్ దేశంలో యూరో కాదు, కొరునా నడుస్తుంది. అప్పట్లో యూరోకి 25 పైచిలుకు వచ్చేవి. ఎక్స్ఛేంజి కొట్ల దగ్గర రేటు చూసి వెనకాడుతుంటే ఒకాయన పలకరించి, కమీషన్ లేకుండా 26 ఇస్తానన్నాడు. 100 యూరోలు ఇచ్చాం. రెండు వెయ్యి నోట్లు, ఆరు వంద నోట్లు చేతిలో పెట్టాడు. లెక్క సరిపోయింది, వైజాగ్ అమ్మాయి రెండుసార్లు లెక్కపెట్టింది కూడా. గంట తర్వాత కొట్లో నీళ్ళ సీసా కొని వెయ్యి నోటు ఇస్తే, అక్కడావిడ నోటు తిప్పి, దాని మీదున్న "ఫోరింట్" అనే మాట మీద వేలు పెట్టి చూపించింది. అవి హంగరీ నోట్లు. ఒక్కోటి మూడు యూరోల చిల్లర విలువ. వంద నోట్లు మాత్రం అసలువే, మేం నమ్మడానికి. దాదాపు 70 యూరోలు పోయాయి. వైజాగ్ అమ్మాయి తన పుస్తకం తీసి "హంగరీ దేశానికి విరాళం: 70" అని రాసింది. ఆ పేజీ ఫోటో ఇప్పటికీ మా గ్రూపు డీపీ.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. కార్డు వాడండి, లేదంటే బ్యాంకు ఏటీఎంలో తీసుకోండి. 2019 ఏప్రిల్ నుంచి అక్కడ చట్టం మారింది. ఎక్స్ఛేంజి కొట్లో 1000 యూరోల లోపు మార్చుకుంటే మూడు గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు, రసీదు దాచుకోవాలి. వీధిలో ఎదురయ్యే మనిషి దగ్గర మార్చుకుంటే మాత్రం ఈ రక్షణ ఉండదు.

డబ్బు లేదు కాబట్టి, చివర్లో తోచింది ఇస్తే చాలనే వాకింగ్ టూర్‌లో చేరాం. గైడు ఒక యూనివర్సిటీ కుర్రాడు. వాడి నోట ప్రతి రెండో మాటా నాలుగో చార్లెస్ రాజు. 1348లో యూనివర్సిటీ పెట్టిందీ ఆయనే, మా జేబులో మిగిలిన వంద నోటు మీద బొమ్మా ఆయనదే. వంతెన కథ చెప్పాడు. పాత రాతి వంతెన 1342 వరదలో కొట్టుకుపోతే, కొత్తదానికి రాజు జ్యోతిష్కుల్ని అడిగి ముహూర్తం పెట్టించాడట. 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5:31. వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే.

సిద్ధాంతి మొహం వెలిగిపోయింది. గడియారం బాధ అక్కడితో సరి. సున్నంలో గట్టితనం కోసం గుడ్లు కలిపారనీ, వెల్వరీ అనే ఊరివాళ్ళు దారిలో పగిలిపోతాయని ఉడకబెట్టి మరీ పంపారనీ ఇంకో కథ చెబితే అందరూ నవ్వారు. వీడు మాత్రం మన డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపేవారని గైడుకే క్లాసు పీకాడు. వెంటనే ఫోన్ తీసి పొద్దున మా మొదటి ఫోటో టైము చూశాడు. 5:22. "తొమ్మిది నిమిషాల్లో తప్పిపోయింది. రేపు మళ్ళీ రావాలి" అన్నాడు. మేం పట్టించుకోలేదు.

సాయంత్రం వెన్సెస్లాస్ స్క్వేర్‌కి వెళ్ళాం. స్క్వేర్ అంటారు గానీ అది పొడవాటి వెడల్పు రోడ్డు, రెండు పక్కలా షాపులు. పైచివర గుర్రం మీద వెన్సెస్లాస్ విగ్రహం. దానికి కాస్త ఇవతల, నేలలో ఒక చిన్న పలక మీద రెండు ముఖాలున్నాయి. పక్కన ఎవరో పెట్టిన కొవ్వొత్తులు. యాన్ పలాఖ్, యాన్ జాయిత్స్. పలాఖ్ అదే చార్లెస్ యూనివర్సిటీ విద్యార్థి, 20 ఏళ్ళవాడు. సోవియట్ సైన్యం తమ దేశంలోకి వచ్చాక జనం నిస్సత్తువగా ఊరుకుంటున్నారని 1969 జనవరి 16న ఇక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు. మూడు రోజులకి చనిపోయాడు. మరుసటి నెల జాయిత్స్ కూడా అదే చేశాడు. పిల్లవాడు, ఇంకా బడి చదువే పూర్తికాలేదు.

ఫోన్లో చూసి ఇదంతా చదివింది నేనే. చదివాక అన్న వైపు చూస్తే పలక దగ్గర కింద కూర్చుని ఉన్నాడు. కాసేపటికి "శ్రీకాంతాచారిది మా జిల్లానే" అన్నాడు. 2009 నవంబరులో ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి కాల్చుకున్నప్పుడు అన్న హైదరాబాదులో ఇంటర్ చదువుతున్నాడట. డిసెంబరు 3న పోయాడని వార్త వచ్చిన రాత్రి హాస్టల్లో ఎవరూ అన్నం తినలేదట. అదే డిసెంబరులో నేను తెనాలిలో పదో తరగతి. సమైక్యాంధ్ర ర్యాలీ అని క్లాసు ఎగ్గొట్టి, జెండా పట్టుకుని బజారంతా తిరిగాను. నాకది సెలవు. అన్నతో ఒకే వంటింట్లో ఎనిమిది నెలలుగా వండుకు తింటున్నా, ఈ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఆ రోజు చెప్పేశాను. అన్న కోప్పడలేదు. "నువ్వు అప్పటికి పోరనివే గదా" అన్నాడు. తర్వాత ఆ పలక పక్కనే చీకటిపడేదాకా మాట్లాడుకున్నాం. ఆ మాటలు ఇక్కడ రాయను.

రాత్రి సిద్ధాంతికి తిండి వెతకడం మరో గొడవ. వాడు శాకాహారి. అక్కడ వాడికి దొరికింది స్మజెనీ సీర్, అంటే చీజ్ ముక్కకి బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించింది. రెండు రోజులూ అదే తిన్నాడు. ఎక్కడ చూసినా "పాతకాలపు సంప్రదాయం" అని బోర్డు పెట్టి అమ్మే చుట్టల రొట్టె, ట్రడెల్నిక్, అసలు ప్రాగ్‌ది కాదట. టూరిస్టుల కోసం ఈమధ్య వచ్చిందని గైడే చెప్పాడు. అయినా తిన్నాం, బాగుంది.

మర్నాడు నాలుగున్నరకి సిద్ధాంతి అందర్నీ లేపాడు. తిట్టుకుంటూనే వెళ్ళాం. వాడి ప్లాను అప్పుడు బయటపెట్టాడు. ఒక కంపెనీలో వర్కింగ్ స్టూడెంట్ ఉద్యోగానికి అప్లికేషను ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడు. వంతెన నడిమధ్యలో నిలబడి సరిగ్గా 5:31కి సెండ్ నొక్కుతాడట. దారంతా అన్న వాడితో వాదించాడు. "ముహూర్తం పెట్టిన రాజు 1378లనే సచ్చిపోయిండు, వంతెన పూర్తయింది 1402ల. 1890 వరదల మూడు కమానులు కూలినయ్. ఇగ గీ ముహూర్తమేందిరా?" సిద్ధాంతి తొణకలేదు. "మిగిలిన పదమూడు నిలబడ్డాయిగా" అన్నాడు.

5:31కి నొక్కాడు. వైజాగ్ అమ్మాయి వీడియో తీసింది.

ఆ కంపెనీ నుంచి ఇప్పటిదాకా జవాబు లేదు, రిజెక్ట్ మెయిల్ కూడా రాలేదు. తప్పు ముహూర్తానిది కాదంటాడు వాడు. మే నెలలో యూరప్‌లో గడియారాలు గంట ముందుకి తిప్పి ఉంటాయి, 1357లో ఆ వేసవి టైము ఎక్కడిది? వాడి లెక్క ప్రకారం అసలు ముహూర్తం 6:31కట, మేమే గంట ముందు లేచామట.