న్యూజెర్సీ వీలునామాలో రాష్ట్రం పేరు మార్చి టెక్సస్‌లో వాడుకోవచ్చా?

కొత్తగా లా ప్రాక్టీసు పెట్టాను, ఒకే టెంప్లేట్ చేసుకుని క్లయింటుది ఏ రాష్ట్రమైతే ఆ పేరు పెట్టుకుంటే సరిపోదా అని అడిగారు. సరిపోదండి. నేను డాలస్ దగ్గర ఒక చిన్న లా ఆఫీసులో పారాలీగల్‌ని (లాయర్లకు సహాయకుల ఉద్యోగం), వీలునామాలు, ట్రస్టులు డ్రాఫ్ట్ చేయడమే నా పని.

ఎవరికి ఏది చెందాలో రాసే భాగం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. తేడాలన్నీ సంతకాల దగ్గరా, ఎగ్జిక్యూటర్ (వీలునామాను అమలు చేసే వ్యక్తి) అధికారాల దగ్గరా వస్తాయి. టెక్సస్‌లో మొత్తం సొంత చేతిరాతతో రాసి సంతకం పెడితే సాక్షులు లేకపోయినా చెల్లుతుంది. ఫ్లోరిడాలో ఆ కాగితం పనికిరాదు, టెక్సస్‌లో ఉన్నప్పుడు రాసుకున్నానన్నా ఒప్పుకోరు.

న్యూజెర్సీ నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చిన మనవాళ్లు పాత వీలునామా పట్టుకుని మా దగ్గరికి తరచూ వస్తుంటారు. అది ఇక్కడా చెల్లుతుంది. కాకపోతే అందులో ‘ఇండిపెండెంట్ అడ్మినిస్ట్రేషన్’ (అడుగడుగునా కోర్టు అనుమతి లేకుండా ఎగ్జిక్యూటరే పని నడిపించడం) అన్న మాట సాధారణంగా కనిపించదు, అక్కడ దాని అవసరం పడదు కాబట్టి. టెక్సస్‌లో ఆ మాట లేకపోతే, అలా నడిపించడానికి ఆస్తి అందుకునేవాళ్లందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు మొండికేశారా, ఇల్లు అమ్మడానికి కూడా ఎగ్జిక్యూటర్ కోర్టు అనుమతి కోసం తిరగాల్సి రావచ్చు. ఎగ్జిక్యూటర్ కోర్టుకు బాండు (పూచీకత్తు) ఇవ్వక్కర్లేదన్న వాక్యం కూడా ఆ మాట పక్కనే రాసేయండి.

ఇంకో చిక్కు ఉంది. టెక్సస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం. ఇక్కడ కాపురం ఉండగా సంపాదించింది ఎవరి పేరు మీదున్నా మామూలుగా ఇద్దరిదీ, ఒకరు రాసివ్వగలిగేది తమ సగమే. అలాగని న్యూజెర్సీలో ఉండగా ఒకరు కూడబెట్టింది ఇక్కడికి మకాం మార్చినంత మాత్రాన ఉమ్మడి అయిపోదు. అందుకే ఏ ఆస్తి ఏ రాష్ట్రంలో ఉన్నప్పుడు వచ్చిందో మొదటి మీటింగులోనే అడగండి. చాలామందికి వెంటనే గుర్తుండదు, పాత స్టేట్‌మెంట్లు తెమ్మనాలి.

పవర్ ఆఫ్ అటార్నీలో కాపీ పేస్ట్ మరీ ప్రమాదం. టెక్సస్ ఫారానికి నోటరీ చాలు. న్యూయార్క్‌లో 2021 జూన్ నుంచి నోటరీతో పాటు ఇద్దరు సాక్షులూ కావాలి. ‘నాకు తెలివి తప్పాకే అమల్లోకి రావాలి’ అని ఫ్లోరిడాలో రాయడం 2011 అక్టోబరు నుంచి కుదరదు.

మన క్లయింట్ల దగ్గర నేను ముందుగా చూసేది మొదటి పేరా. ‘ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను’ అని ప్రతి టెంప్లేట్‌లోనూ ఉంటుంది. గుంటూరు పొలానికో, కూకట్‌పల్లి ఫ్లాటుకో అక్కడ విడిగా వీలునామా రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు ఉంటారు. ఈ ఒక్క వాక్యంతో అదీ పోయిందని రేపు ఏ అన్నదమ్ముడో కోర్టుకెక్కొచ్చు. ‘భారతదేశంలోని ఆస్తులకు రాసినది మినహా’ అని చేర్చండి. అక్కడి వీలునామాలోనూ ఇటు ఆస్తులను మినహాయించమని వాళ్ల వకీలుకి చెప్పించండి. అమెరికాలో రాసినదాన్ని ఆ తర్వాతి తేదీతో గుంటూరులో రాసినది రద్దు చేసేయకూడదు కదా!

టెంప్లేట్ అసలే వద్దని కాదు. ఆస్తుల పంపకం భాగం ఒక ఫైల్లో, సంతకాలు, అఫిడవిట్ పేజీలు రాష్ట్రానికొక ఫైల్లో పెట్టుకోండి. చట్టం సెక్షన్ నంబరు, చివరిసారి సరిచూసిన తేదీ ఆ ఫైల్ పైనే ఉండాలి. మీకు లైసెన్సు లేని రాష్ట్రమైతే మాత్రం అక్కడి లాయరుకే పంపండి, ఫీజు పోయినా సరే.