ఆ మాట ఎవరన్నారు, ఎప్పుడన్నారు

తమ్ముడూ,

నీ వ్యాసం మొత్తం చదివాను. దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోవడంతో 1861 నుంచి 1865 దాకా నడిచిన అమెరికా అంతర్యుద్ధం గురించి తెలుగులో ఇంత ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ, అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. యుద్ధానికి కారణాలంటూ సుంకాలు, రాష్ట్రాల హక్కులు, ఉత్తరాది ఫ్యాక్టరీలకీ దక్షిణాది పొలాలకీ ఉన్న తేడా, 1860 అధ్యక్ష ఎన్నికల్లో లింకన్ గెలుపు, చివర్లో బానిసత్వం, అన్నిటినీ వరసగా పెట్టి అన్నిటికీ తలా ఒక పేరా ఇచ్చావు. ఏ పక్షమూ తీసుకోకూడదని నీ ఉద్దేశం, అర్థమైంది. కానీ అన్నిటికీ సమానంగా చోటివ్వడం న్యాయం కాదు. ఈ విషయంలో సాక్ష్యం ఒకవైపే బరువుగా ఉంది, ఆ బరువు నీ వ్యాసంలో కనపడాలి.

ఒక్క పని చెయ్యి. నువ్వు ఎవరి మాట వాడుకున్నా పక్కన తేదీ వేసుకో. యుద్ధానికి ముందు అన్నదా, దక్షిణాది ఓడిపోయాక అన్నదా అని చూడు. సగం గందరగోళం అక్కడే విడిపోతుంది.

విడిపోయిన రాష్ట్రాలు తమ కారణాన్ని దాచుకోలేదు, ధైర్యంగా కాగితం మీద పెట్టాయి. సౌత్ కరోలినా 1860 డిసెంబర్ 20న బయటికొచ్చింది, నాలుగు రోజులకే ఎందుకు విడిపోతున్నామో చెబుతూ ప్రకటన ఆమోదించింది. పారిపోయిన బానిసల్ని ఉత్తరాది రాష్ట్రాలు పట్టి తిరిగి అప్పగించడం లేదని, న్యూయార్క్‌లో అయితే బానిసల్ని వెంటబెట్టుకుని దాటి వెళ్లే హక్కు కూడా ఒప్పుకోవడం లేదని అందులో ఫిర్యాదు. మిసిసిపీ ఇంకా సూటిగా, తమ స్థానం బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా పెనవేసుకుపోయిందని, ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్థిక ప్రయోజనం అదేనని మొదట్లోనే రాసుకుంది. ఇవి శత్రువులు వాళ్ల మీద వేసిన నిందలు కావు, వాళ్లే రాసి, ఆమోదించి, లోకానికి చాటుకున్నవి. నీ వ్యాసంలో వీటి ప్రస్తావనే లేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో చెప్పిన అభిప్రాయాలు మాత్రం బోలెడున్నాయి.

రాష్ట్రాల హక్కుల గురించి రాసిన పేరా మళ్లీ మొదటి నుంచి రాయాలి. సౌత్ కరోలినా ఫిర్యాదు దేని మీదో చూడు. ఉత్తరాది రాష్ట్రాలు తమ సొంత చట్టాలు తాము చేసుకుంటున్నాయనే కదా! 1850లో వచ్చిన చట్టం కింద ఫెడరల్ ప్రభుత్వం బలవంతంగానైనా పారిపోయినవాళ్లని పట్టి ఇవ్వాలని అడిగింది దక్షిణాదే. తర్వాత విడిపోయిన రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న ప్రభుత్వం, కాన్ఫెడరసీ, రాజ్యాంగం రాసుకున్నప్పుడు, ఏ సభ్య రాష్ట్రంలోకైనా బానిసల్ని తీసుకెళ్లి ఉండే హక్కు యజమానికి ఉంటుందని అందులోనే పెట్టారు. ఇక్కడ వాళ్లు కాపాడుకున్నది రాష్ట్రం హక్కా, యజమాని హక్కా అని పాఠకుణ్ణి అడుగు.

సుంకాల మీద అంత పొడుగు పేరా అక్కర్లేదు. అందరూ చెప్పే, దిగుమతి పన్నులు పెంచిన మోరిల్ సుంకం చట్టమైంది 1861 మార్చి 2న. అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి, అంతకుముందు అమల్లో ఉన్న 1857 సుంకమేమో చాలా తక్కువ.

తేదీ ఎందుకు వెయ్యమంటున్నానో అలెగ్జాండర్ స్టీఫెన్స్‌ని చూస్తే తెలుస్తుంది. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు. 1861 మార్చి 21న జార్జియాలోని సవానాలో మాట్లాడుతూ, నల్లవాడు తెల్లవాడితో సమానం కాదనే సిద్ధాంతమే మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి అని నిండు సభలో చెప్పాడు. యుద్ధం ఓడిపోయాక, 1868లో మొదలుపెట్టి రెండు పెద్ద సంపుటాలు రాసి, అసలు గొడవ అధికారం కేంద్రానిదా రాష్ట్రాలదా అన్న సూత్రం మీదనీ, బానిసత్వం ఆ సూత్రాలు తలపడ్డ ఒక సందర్భం మాత్రమేననీ తేల్చాడు. మనిషి ఒక్కడే, మధ్యలో ఓటమి వచ్చింది. నీ జాబితాలో సగం కారణాలు ఈ రెండో స్టీఫెన్స్ లాంటివాళ్ల నుంచి వచ్చినవే, తరాల తరబడి పాఠ్యపుస్తకాల్లోకీ విగ్రహాల్లోకీ పాకినవే. అట్లాంటాలో ఉండే మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లే స్టోన్ మౌంటెన్ కొండ మీద కాన్ఫెడరసీ అధ్యక్షుడు డేవిస్, దాని సేనానులు లీ, జాక్సన్‌ల చెక్కడం పూర్తయింది 1972లో, యుద్ధం ముగిసిన నూరేళ్లు దాటాక. అక్కడ నిలబడి ఫొటో దిగే మన పిల్లలకి ఆ ముగ్గురూ దేనికోసం పోరాడారో తెలుగులో చెప్పే వ్యాసం ఒకటి ఉండాలని నాకు చాలా ఉంది.

ఉత్తరాదిని దేవుళ్లని చెయ్యొద్దు. అది కూడా అబద్ధమే అవుతుంది. బానిసత్వం ఉన్నచోట జోక్యం చేసుకోనని లింకన్ పదవి చేపట్టిన రోజే చెప్పాడు, ఆయన పార్టీ అడ్డుకుంటామన్నది కొత్త ప్రాంతాలకి అది పాకడాన్ని. కెంటకీ, మిస్సోరీ, మేరీలాండ్, డెలవేర్ బానిసలున్న రాష్ట్రాలే, అయినా యూనియన్‌లోనే, అంటే ఉత్తరాది వైపే, ఉండిపోయాయి. దక్షిణాది ఎందుకు విడిపోయింది, ఉత్తరాది ఎందుకు యుద్ధం చేసింది, ఇవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు బానిసత్వం. రెండోదానికి మొదట్లో జవాబు దేశాన్ని ఒకటిగా నిలబెట్టడం, అది కాలంతో మారింది. నువ్వు రెండిటినీ కలిపేశావు, అందుకే మూడో పేజీకి వచ్చేసరికి నీకే చిక్కుపడింది.

ఉత్తరాది జవాబు మారడానికి కారణం ఎవరో రాయకపోవడం నీ వ్యాసంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది. 1860 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 40 లక్షల మంది బానిసలు. సౌత్ కరోలినాలో నూటికి 57 మంది వాళ్లే. నీ వ్యాసంలో వాళ్లలో ఒక్కరికీ పేరు లేదు, ఒక్కరూ ఏ పనీ చెయ్యరు, వాళ్ల గురించి ఎవరో నిర్ణయిస్తూ ఉంటారు అంతే. 1861 మేలో వర్జీనియాలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు రాత్రి పడవ వేసుకుని యూనియన్ చేతిలో ఉన్న కోట ఫోర్ట్ మన్రో చేరారు. వాళ్ల చేత కాన్ఫెడరేట్ సైన్యం ఫిరంగుల స్థావరం కట్టిస్తోంది. యజమాని తరఫున ఒక అధికారి వచ్చి మా మనుషుల్ని మాకిచ్చెయ్యమంటే, ఆ కోట అధిపతి జనరల్ బట్లర్ ఇవ్వనన్నాడు, శత్రువు యుద్ధానికి వాడుతున్న ఆస్తిగా లెక్కగట్టి ఉంచేసుకున్నాడు. ఆస్తి అన్న మాట వాళ్లని అవమానించేదే, కానీ తలుపు తెరుచుకుంది, వెనక వేలమంది వచ్చారు. తర్వాతి ఏడాది సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ రేవులో రాబర్ట్ స్మాల్స్ అనే బానిస, తాను పనిచేసే కాన్ఫెడరేట్ ఓడనే తెల్లవారకముందు కుటుంబంతో సహా నడిపించుకుని యూనియన్ నౌకలకి అప్పగించాడు. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకి స్వేచ్ఛ ప్రకటించిన లింకన్ విమోచన ప్రకటన, 1863 జనవరి 1 నాటిది, దాని వెనక ఇలాంటి మనుషుల ఒత్తిడి ఉంది. తర్వాత యూనియన్ సైన్యంలో పోరాడిన నల్లజాతి సైనికులు 1 లక్షా 80 వేల దాకా ఉన్నారు. లింకన్‌కి రెండు పేజీలిచ్చావు, వీళ్లకి ఒకటైనా ఇవ్వు.

గుంటూరు పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కిందన్న పేరా బాగుంది, ఉంచు. అమెరికా పత్తి ఆగిపోతే ఇంగ్లండ్ మిల్లులు మనవైపు చూశాయి, అది నిజమైన సంబంధం. కానీ యుద్ధానికి ముందు అమెరికా ఎగుమతుల్లో సగానికి పైగా పత్తేనని, దాన్ని ఏరిన చేతులెవరివో అక్కడే రాస్తే, మిసిసిపీ ఆ ఆర్థిక ప్రయోజనం గురించి అంత బాహాటంగా ఎందుకు చెప్పిందో వివరించక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ విభజనతో పోలిక మాత్రం పూర్తిగా తీసెయ్. 2014లో జరిగింది ఒక దేశం లోపల పార్లమెంటు చట్టంతో రాష్ట్రాలు ఏర్పడటం. దాన్ని ఇక్కడికి తెస్తే చదివేవాళ్లు ఆ 40 లక్షల మందిని మర్చిపోయి మన గొడవలో పడతారు, కామెంట్లన్నీ దాని మీదే ఉంటాయి.

ఇంకొకటి, బానిసలు లేని పేద తెల్లవాళ్లు ఎందుకు పోరాడారని నిన్ను తప్పకుండా అడుగుతారు. ఇల్లూ ఊరూ కాపాడుకోవాలని, నిర్బంధ సైనిక చట్టం వల్ల, నల్లవాళ్లు సమానమైపోతారన్న భయంతో, ఇలా సైనికుడికో కారణం ఉంటుంది. సైనికుడి కారణం వేరు, రాష్ట్రం విడిపోయిన కారణం వేరు అని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లు.

ముందు సౌత్ కరోలినా, మిసిసిపీ, జార్జియా, టెక్సస్ ప్రకటనలు నాలుగూ చదువు, నెట్‌లో దొరుకుతాయి, పెద్దవేం కావు. చదివాక పాత వ్యాసం పక్కన పెట్టేసి కొత్తగా మొదలుపెట్టి, ఫోర్ట్ మన్రో భాగం రాయగానే నాకు పంపు. మిగతాది ఆగినా పర్లేదు.