న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం

"ఎదుటివాళ్ళ తప్పుకు వెంటనే తీర్పు చెప్పేస్తామే, మన తప్పుకు మాత్రం సాకులు ఎందుకు వెతుక్కుంటాం?" అని అడిగారు. అసలు కారణం మనస్తత్వశాస్త్రం చదివినవాళ్ళు చెప్తారు. నేను చెప్పగలిగింది ఒక మార్కుల కాగితం సంగతి.

మాది బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు కాబట్టి తెలుగు ఇళ్ళకు కొదవ లేదు. మా పిల్లల చదువు మాత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో. ఇంట్లో అమ్మమ్మ దిద్దిస్తే తెలుగు అక్షరాలు వస్తాయి, లేదంటే లేదు. దీని మీద మా పెద్దలు వినతిపత్రాలు ఇస్తారు, ఫొటోలు దిగుతారు. వెనక ఫ్లెక్సీలో 'తెలుగు' అన్న మాటకే అచ్చుతప్పు!

రెండేళ్ళ కిందట ఉగాదికి పద్యాల పోటీ పెట్టి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి, పట్టుపరికిణీ కట్టుకుని, కాలి బొటనవేలితో తివాచీ గీరుతూ, ఒక్క తడబాటు లేకుండా పద్యమూ తాత్పర్యమూ చెప్పింది. కానీ 'విద్య'ను 'బిద్య' అంది. ఒడియాలో అలాంటి మాటల్లో 'వ' కాస్తా 'బ' అయిపోతుంది, బళ్ళో వినేది అదే. ఉచ్చారణ గడిలో పదికి నాలుగు వేశాను. పక్కాయన ఎనిమిది వేస్తే, "భాష పోయాక ఇంకేం మిగుల్తుందండీ" అని ఆయనకు క్లాసు కూడా పీకాను. రెండు మార్కుల్లో బహుమతి పోయింది ఆ పిల్లకు.

నాకెందుకంత పట్టుదల? ఉద్యోగంలో చేరిన మొదటిరోజు శ్రీకాకుళంలో ఒకాయన "నీది తెలుగేనా, ఒడియానా?" అని అందరి ముందూ నవ్వాడు. ముప్పై ఏళ్ళు మోసుకొచ్చి ఆ నవ్వును ఈ పిల్ల మీద దింపాను.

నాలుగు రోజులకు వాట్సాప్‌లో వీడియో వచ్చింది. బహుమతుల ముందు నేను మాట్లాడిన మూడు నిమిషాలు. "ఈ బేదిక మీద" అన్నాను. రెండుసార్లు! మైకు బాగాలేదు, పైగా ఆ రోజు జలుబు, అని అక్కడికక్కడే నా కేసు కొట్టేసుకున్నాను. వెనక నుంచి విన్న మా ఆవిడ, "ఆ పిల్లకూ జలుబే అయ్యుంటుంది లెండి" అంది.

నన్నడిగితే తీర్పు చెప్పేవాడి చేత కారణం రాయించాలి. కోర్టులో జడ్జి రాయాల్సిందే. జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టే మామూలు జనం, రాయక్కర్లేదు. 1959లో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో, బొంబాయి జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అనేసి ఊరుకుంది. జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపితే అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. మన దేశంలో జ్యూరీలు పోయాయి కానీ పద్యాల పోటీల్లో ఉన్నాయి. నా కాగితంలోనూ 'నాలుగు' అన్న అంకె తప్ప ఇంకేమీ లేదు. 'నేను పడ్డాను కాబట్టి నువ్వూ పడు' అని ఏ గడిలో రాయను?

ఆ పిల్ల వాళ్ళమ్మ బజారులో కనిపిస్తే "నమస్కారం సార్" అంటుంది. నేను పక్కకు తిరిగి కూరగాయల ధర అడుగుతాను.

ఈ ఉగాదికి మళ్ళీ పిలిచారు, వస్తానన్నాను. కరపత్రం పంపారు. అడుగున ఎప్పటిలాగే 'న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం' అని ఉంది. ఆ లైనులో మాత్రం అచ్చుతప్పు లేదు.