వాచీ ఒకటి, ప్రకటన ఒకటి

ప్రశ్న: నెక్లెస్ రోడ్డులో 10 కిలోమీటర్ల పరుగుకు ‘సర్టిఫైడ్ కోర్స్’ (దూరం కొలిచి ధ్రువీకరించిన దారి) అని ప్రకటించారు. నా జీపీఎస్ వాచీ 10.15 కిలోమీటర్లు చూపింది. మోసమేనా?

జవాబు: వాచీని నమ్మి తేల్చకండి. ఫ్లైఓవర్ల కింద జీపీఎస్ తడబడుతుంది; మలుపుల్లో మీరూ వెడల్పుగా తిరిగి ఉంటారు. అసలు కొలత సైకిల్‌తోనే. చక్రానికి, అది ఎంత తిరిగిందో లెక్కించే జోన్స్ కౌంటర్ బిగించి, స్టీల్ టేపుతో కొలిచిన తిన్నని దారిపై నాలుగుసార్లు తొక్కి సరిచూస్తారు. ఆపైన మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి దారిన కొలుస్తారు. దూరం తగ్గకుండా కిలోమీటరుకు 1 మీటరు కలుపుతారు కూడా.

నిర్వాహకులను సర్టిఫికెట్ నంబరు, కొలిచిన తేదీ అడగండి; ఐదేళ్లు దాటితే చెల్లదు. పరుగు రోజున యూటర్న్ కోన్‌ను 20 మీటర్లు ఇవతల పెడితే 40 మీటర్లు తగ్గినట్టే. అలా మార్చిన దారికి పాత సర్టిఫికెట్ చూపడం మాత్రం ముమ్మాటికీ మోసమే.