ఇన్వర్టర్ బ్యాటరీలో కరెంటు ఏ బాండ్‌లో ఉంటుంది?

ప్రశ్న: సార్ నమస్తే. మా బాబు ఇంటర్ ఫస్టియర్. బాండ్ (పరమాణువుల్ని కలిపి ఉంచే బంధం) తెగితే ఎనర్జీ బయటికొస్తుందని వాడంటాడు, కాదు తెంచడానికే ఎనర్జీ పెట్టాలని వాళ్ళ లెక్చరర్ అన్నారట. మరి కరెంటు పోయినప్పుడు మా ఇన్వర్టర్ బ్యాటరీ ఇచ్చే కరెంటు ఏ బాండ్‌లోంచి వస్తున్నట్టు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లెక్చరర్ గారు చెప్పిందే కరెక్ట్ అమ్మా. బాబుది మాత్రం చాలామందికి ఉండే పొరపాటే, బాండ్ అంటే ఎనర్జీ నింపిన డబ్బా, పగిలితే బయటికొస్తుంది అనుకుంటాం. బావిలో చేద గుర్తు తెచ్చుకోండి, దించేటప్పుడు దానంతటది జారిపోతుంది, గిలక గిరగిరా తిరుగుతుంది, పైకి లాగేటప్పుడే రెక్కలు నొప్పెడతాయి. పరమాణువులు బాండ్ కట్టుకోవడం చేద దిగడం లాంటిది, తెంచడం పైకి తోడడం.

లెక్క కూడా చూపించండి బాబుకి. 2 గ్రాముల హైడ్రోజన్‌లో బాండ్లు తెంచాలంటే 436 కిలోజౌల్స్ పెట్టాలి, దానికి సరిపడా 16 గ్రాముల ఆక్సిజన్‌కి ఇంకో 249. అంటే 685 ఖర్చు. అవి కలిసి నీళ్ళయ్యేటప్పుడు కొత్త బాండ్లు కట్టుకుని దాదాపు 926 తిరిగిస్తాయి. మిగిలిన 240 చిల్లరే మనకొచ్చే ఎనర్జీ. పాత బాండ్ల కంటే కొత్తవి గట్టివి కాబట్టి మిగిలింది, అంతే.

ఇప్పుడు మీ బ్యాటరీ. అందులో కరెంటు నిల్వ ఉండదు, సీసం పలక, సీసం డయాక్సైడ్ పలక, సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి, 1859లో ప్లాంటే అనే ఫ్రెంచాయన చేసిన బ్యాటరీలోనూ ఇవే. ఫ్యాన్ స్విచ్ వేయగానే సీసం పలక ఎలక్ట్రాన్లు వదిలి యాసిడ్‌లోని సల్ఫేట్‌తో కలుస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు వైరు గుండా ఇన్వర్టర్‌లో పని చేసి రెండో పలకకి చేరతాయి, అక్కడి ఆక్సిజన్ యాసిడ్‌లోని హైడ్రోజన్‌ని పట్టుకుని నీళ్ళవుతుంది, ఎనర్జీలో పెద్ద వాటా ఈ నీళ్ళ బాండ్లు కట్టుకోవడంలోనే వస్తుంది. ఇలా రెండు పలకలూ యాసిడ్ ఉన్న ఒక్కో అరని సెల్ అంటారు, ఒక్కో సెల్ 2 వోల్టులు, ఆరు కలిపితే 12.

పోయిన ఎండాకాలం పటమటలో మా ఇంటికొచ్చిన మెకానిక్ హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత నీళ్ళకి ఎన్ని రెట్లో చూపించే గొట్టం) రబ్బరు బల్బు నొక్కి వదిలితే యాసిడ్ గాజు గొట్టంలోకి ఎక్కింది, లోపలి తేలుడు గొట్టం బాగా కిందికి దిగిపోయి 1.15 దగ్గర ఆగింది. ఫుల్ ఛార్జ్‌లో అది 1.28 దాకా ఉండాలి. యాసిడ్ నీళ్ళయిపోతోందని కళ్ళారా చూడటం అంటే అదే, నాకైతే ఇప్పటికీ ఎంత బాగుంటుందో ఆ దృశ్యం.

ఛార్జింగ్ అంటే చేద పైకి తోడటం. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బొగ్గు ఆక్సిజన్‌తో బాండ్లు కట్టుకుంటే వేడి, వేడితో ఆవిరి, ఆవిరితో టర్బైన్, అలా వచ్చిన కరెంటే మీ బ్యాటరీలో రియాక్షన్‌ని వెనక్కి తిప్పుతుంది. బొగ్గు దగ్గర ఎనర్జీ అంతా ముందు వేడైపోతుంది కాబట్టి చాలా భాగం వృథా పోతుంది, బ్యాటరీలో ఎలక్ట్రాన్లు నేరుగా వైరులోకే వెళ్తాయి. తేడా అంతా ఆ దారిలోనే ఉంది అమ్మా.

బాబుకి ఇది చేయించండి. పురుగుమందుల షాపులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) దొరుకుతుంది, నీళ్ళలో కలిపి జింక్ రేకు ముంచితే ఎర్రగా రాగి పట్టి నీళ్ళు కొంచెం వేడెక్కుతాయి, కరెంటు మాత్రం రాదు. అదే జింక్‌ని ఉప్పునీళ్ళున్న చిన్న మట్టి ముంతలో పెట్టి (కొత్త ముంత, పాలిష్ లేనిది, ముందే నానబెట్టాలి), ముంతని మైలుతుత్తం నీళ్ళలో నిలబెట్టి, బయట రాగి తీగ ఉంచి మల్టీమీటర్ పెడితే దాదాపు 1 వోల్ట్ చూపిస్తుంది. ఇలాంటివే రెండు వేరువేరు గిన్నెల్లో పెట్టి, ఒకదాని రాగిని ఇంకోదాని జింక్‌కి వరసగా కలిపితే చిన్న ఎర్ర ఎల్ఈడీ మసకగా వెలుగుతుంది. మైలుతుత్తం విషం, వంటింటి గిన్నెలు వాడొద్దు, చేతులు సబ్బుతో కడిగించండి.