పనిచోట భద్రత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో షిఫ్ట్ సూపర్‌వైజరును. పోయిన నెల రియాక్టర్ (మందుల రసాయనాలు కలిపే పెద్ద మూత ట్యాంకు) కడగడానికి దిగిన కాంట్రాక్టు హెల్పర్ నిచ్చెన రెండు మెట్లు దిగగానే తూలి, దాని మీదే వాలిపోయాడు. అతని చొక్కా పట్టుకుని లాగబోయిన ఇంకో కుర్రాడు మ్యాన్‌హోల్‌లోకి తల పెట్టాడో లేదో, కళ్లు తిరిగి పడ్డాడు. పక్కనున్నవాళ్లం కాళ్లూ చేతులూ పట్టి ఇద్దరినీ ఇవతలికి లాగేశాం. వాసనేమీ రాలేదని ఇద్దరూ చెబుతున్నారు. లోపలికి దిగడానికిచ్చే పర్మిట్‌లో ఉదయం 9.30కి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా ఆక్సిజన్ 20.9 అని రాసి ఉంది. గాలి ఊదే బ్లోయర్ మాత్రం పది గంటల టీ అయ్యాక గానీ రాలేదు. ఈలోగానే ఇతను దిగాడు. మాస్క్ సరిగా పెట్టుకోలేదని మేనేజర్ రిపోర్టు రాశారు. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: మీ ఉత్తరంలోని 20.9 అనే అంకె దగ్గరే మొదలుపెడదాం. అది మనం పీల్చే ఆరుబయటి గాలిలో ఉండే ఆక్సిజన్ శాతం. బ్లోయర్‌తో బాగా గాలి ఆడించిన తర్వాత రియాక్టర్ లోపల కూడా ఆ అంకె రావచ్చు. కానీ బ్లోయరే రాని వేళ, మనిషి రెండు మెట్లకే కూలిపోయిన రియాక్టర్‌లో, మూడు ఎత్తుల్లోనూ అదే అంకె వచ్చిందంటే మీటరును మ్యాన్‌హోల్ బయటే పట్టుకుని ఉండాలి, లేదా దాని సెన్సరు పాడై ఉండాలి, లేదా అసలు మీటరే తీయకుండా రాసి ఉండాలి. ఈ మూడింటిలో ఏదైనా సరే, తప్పు నిచ్చెన మీద వాలిపోయిన కుర్రాడిది కాదు.

వాసన రాలేదంటున్నారు కాబట్టి నైట్రోజన్ మీద అనుమానం పడక తప్పదు. సాల్వెంట్లకు (రసాయనాలను కరిగించే ద్రవాలకు) నిప్పంటుకోకుండా రియాక్టర్లను నైట్రోజన్‌తో నింపి ఉంచడం మీకు తెలిసినదే. దానికి రంగూ, వాసనా లేవు. అసలు ప్రమాదం ఇంకోటి ఉంది: మనకు ఊపిరాడనట్టు అనిపించేది ఆక్సిజన్ తగ్గినందువల్ల కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందువల్ల. నైట్రోజన్ పీల్చే మనిషి ఆ కార్బన్ డయాక్సైడ్‌ను మామూలుగానే బయటికి వదులుతూ ఉంటాడు కాబట్టి, ఉక్కిరిబిక్కిరి కాకుండానే, చెయ్యెత్తి పిలిచే వ్యవధి కూడా లేకుండానే స్పృహ తప్పుతాడు. ఆక్సిజన్ బాగా పడిపోయిన చోట ఒకటి రెండు శ్వాసలు చాలు. గుడ్డ మాస్క్ మాట అటుంచి, ఖరీదైన కార్ట్రిడ్జ్ మాస్క్ కూడా ఇక్కడ పనికిరాదు. అది గాలిని వడకడుతుందే గానీ లేని ఆక్సిజన్‌ను తెచ్చిపెట్టదు. బయటి నుంచి గొట్టంతో గాలి అందించే సెట్, లేదా వీపున సిలిండరు తగిలించుకునే సెట్ మాత్రమే పనిచేస్తుంది.

ఇక ముందుగా జరగవలసిన పనులు చెబుతాను. నైట్రోజన్, సాల్వెంట్, ఆవిరి లైన్ల వాల్వులు మూసినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే వాల్వు లోపల్లోపల కారుతూనే ఉండవచ్చు. పైపు ముక్క విప్పి పక్కన పెట్టాలి, లేదా మధ్యలో దారి మూసేసే బ్లైండ్ ప్లేటు బిగించాలి. లోపల కలియతిప్పే ఎజిటేటర్ మోటారు కరెంటు తీసేసి తాళం వేసి, ఆ తాళంచెవి లోపలికి దిగే మనిషి జేబులోనే ఉంచాలి. తరువాత గాలి ఆడించాలి, ఆ తరువాతే మీటరు గొట్టం అడుగు దాకా దించి చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే ఎవరూ దిగకూడదు. చేతి దీపం 24 వోల్టులకు మించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. పనికి విరామం ఇచ్చి మళ్లీ దిగే ప్రతిసారీ కొలత కొత్తగా తీసుకోవాలి. పొద్దున తీసిన అంకె మధ్యాహ్నానికి చెల్లదు.

రెండో కుర్రాడి సంగతి నన్ను ఎక్కువ కలతపెట్టింది. మూసి ఉన్న చోట్ల జరిగే మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవారివేనని అమెరికాలో పనిచోట భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లో ప్రకటించింది. మన దగ్గర సెప్టిక్ ట్యాంకుల్లో తండ్రి వెనక కొడుకు, అన్న వెనక తమ్ముడు పోయిన వార్తలు ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. సాటి మనిషి పడిపోతుంటే చూస్తూ నిలబడమని ఎంత నేర్పినా ఎవరూ నిలబడరు, ఆ గుణాన్ని తప్పుపట్టనూ లేము. అందుకే దిగేవాడి నడుముకు ముందే బెల్టు, తాడు ఉండాలి. తాడు రెండో కొస మ్యాన్‌హోల్ దగ్గర నిలబడిన మనిషి చేతిలో ఉండాలి. ఇది నా సలహా మాత్రమే కాదు, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనూ ఉన్నమాటే. పైన ముక్కాలి స్టాండు, తాడు చుట్టే వించి ఉంటే ఒక్కరే కూడా మనిషిని పైకి లాగగలరు. ఆ కాపలా మనిషిని సామాన్లు తెమ్మని పంపితే పర్మిట్ అక్కడితో రద్దయినట్టే లెక్క. మీరు సూపర్‌వైజరు కాబట్టి, ఈ ఒక్క విషయంలో మాత్రం రేపటి నుంచే పట్టుబట్టండి.

ప్రశ్న: మా బావిలో పూడిక తీయించాలి. లాంతరు వెలిగించి తాడుతో దించితే, ఆరకపోతే దిగవచ్చని పెద్దలు అంటారు. నమ్మవచ్చా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: సగమే నమ్మండి. లాంతరు ఆరితే దిగకూడదన్నది నిజం. ఆరకపోతే దిగవచ్చన్నది నిజం కాదు. దీపం సుమారు 16 శాతం ఆక్సిజన్ దాకా వెలుగుతూనే ఉంటుంది, మనిషికి అంతకంటే ముందే ప్రమాదం మొదలవుతుంది. పైగా విషవాయువులను అది పట్టుకోలేదు. నీళ్లు తోడడానికి డీజిల్ ఇంజను బావిలోకి దించితే దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపుతుంది, లాంతరు మాత్రం నిక్షేపంగా వెలుగుతూ ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కే మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది కాబట్టి, వాసన తగ్గిందని ధైర్యపడకండి. మీథేన్ పోగైన చోట మంట దించడమే ప్రమాదం. ఇంజనును గట్టు మీద, పొగ బావి వైపు రాకుండా పెట్టించండి; బ్లోయర్ అద్దెకు తెచ్చి, దాని గొట్టం అడుగు దాకా దించి, పని సాగినంతసేపూ ఆడించండి. మీటరు దొరికితే వాడండి. దిగే మనిషికి తాడు కట్టకుండా మాత్రం దించకండి.

ప్రశ్న: ప్రమాదమని తెలిసీ దిగమంటే కాంట్రాక్టు కార్మికులు ఏం చేయగలరు? ఎదురు చెబితే మర్నాడు గేటు పాస్ ఇవ్వరు.
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి

జవాబు: మీ భయం ఉత్తది కాదు. చట్టంలో ఉన్న దారి ఇది: భోపాల్ ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణలో, ప్రాణాపాయం పొంచి ఉందని తోచిన కార్మికులు ఆ సంగతిని యాజమాన్యానికి నేరుగా గానీ భద్రతా కమిటీ ద్వారా గానీ తెలిపి, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కు కల్పించారు. 2025 నవంబరు నుంచి ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. నోటిమాటగా కాకుండా, ఏ రియాక్టర్, ఏ రోజు, ఏ షిఫ్టు, ఏం లేదు అన్నది నాలుగు వాక్యాల్లో రాయండి. ఒక్కరి పేరుతో కాక నలుగురైదుగురి సంతకాలతో, వీలైతే పర్మనెంటు కార్మికులను కలుపుకుని ఇవ్వండి. గేటు దగ్గర ఒక్కరిని ఆపడం తేలిక, అయిదుగురిని ఆపడం కష్టం. అందినట్టు సంతకం చేయించుకున్న నకలు ఇంట్లో ఉంచండి, ఫ్యాక్టరీ లాకర్‌లో కాదు.